అర సెంటు సేల్స్ టాక్స్ మెజర్‌కి ఓటు వేసే ముందు ఏం చూడాలి?

మీరు అడిగినవి మూడు. కాలిఫోర్నియా బే ఏరియాలో మీ ఊరి బ్యాలెట్ మీద అర సెంటు సేల్స్ టాక్స్ మెజర్, అంటే ఓటర్లు అవునో కాదో తేల్చాల్సిన ప్రతిపాదన, వచ్చింది, పౌరసత్వం వచ్చాక మీకిది మొదటి ఓటు. దానివల్ల ఇంటి ఖర్చు ఎంత పెరుగుతుంది? పోలీసులు, ఫైర్ స్టేషన్లు, రోడ్లు అని రాశారు, డబ్బు నిజంగా వాటికే వెళ్తుందా? మీవారికి ఇంకా గ్రీన్ కార్డే కాబట్టి ఓటు లేదు, ఆయన చేయగలిగింది ఏమైనా ఉందా? నేను కాలిఫోర్నియాలో ఒక సిటీ ఫైనాన్స్ విభాగంలో ఇరవై ఏళ్లకు పైగా బడ్జెట్ పని చేశాను. మూడు మెజర్లను లోపలి నుంచి చూశాను. రెండు గెలిచాయి, ఒకటి ఓడింది. మీ రెండో ప్రశ్నకే ఎక్కువ చోటు తీసుకుంటాను. అసలు సంగతంతా అక్కడే ఉంది.

ముందు ఇంటి ఖర్చు. అర సెంటు అంటే డాలర్ మీద అర సెంటు, వందకు 50 సెంట్లు. మీరు ఈసారి ఇండియన్ స్టోర్‌కి వెళ్లినప్పుడు బిల్లు ఒకసారి చూడండి. బియ్యం బస్తా, కందిపప్పు, బెండకాయలు, పెరుగు డబ్బా, పూజకు తెచ్చిన కొబ్బరికాయ, వీటి మీద పన్ను ఉండదు. అదే బిల్లులో అగరుబత్తి, కర్పూరం, స్టీలు గిన్నె, థమ్సప్ సీసా మీద ఉంటుంది. కాలిఫోర్నియాలో ఇంటికి తీసుకెళ్లే ఆహార సరుకులకు, డాక్టరు చీటీ మీద కొనే మందులకు సేల్స్ టాక్స్ లేదు. అద్దె, డేకేర్, ట్యూషన్, క్షవరం లాంటి వాటికీ లేదు. వేడి బిర్యానీ పార్సిల్‌కి మాత్రం ఉంది. కాబట్టి మీ ఖర్చంతటి మీదా ఈ అర సెంటు పడదు. బట్టలు, ఫోన్లు, ఫర్నిచర్, బయటి తిండి కలిపి ఏడాదికి 25,000 డాలర్లు ఖర్చు పెట్టే ఇంటికి అదనంగా పడేది 125 డాలర్లు. ఆ ఏడాది 40,000 డాలర్ల కారు కొంటే ఇంకో 200. పక్క ఊళ్లో రేటు తక్కువని అక్కడికి వెళ్లి కారు కొంటే కలిసిరాదు, కారుకి ఈ పన్ను రిజిస్టర్ అయ్యే చిరునామాని బట్టి పడుతుంది. ఆన్‌లైన్‌లో కొన్నా అంతే, సరుకు చేరే ఊరి రేటే వేస్తారు.

మనలాంటి ఇద్దరు సంపాదించే ఇళ్లకు 125 డాలర్లు పెద్ద లెక్క కాదు, ఒప్పుకుంటాను. కానీ ఇదే పన్ను మీ వీధి చివర ఇళ్లు శుభ్రం చేసి బతికే మనిషికీ పడుతుంది. వచ్చిన జీతమంతా ఖర్చయిపోయే ఇంట్లో ఇది ఆదాయంలో ఎక్కువ భాగాన్ని తింటుంది, సగం దాచుకోగలిగే ఇంట్లో తక్కువ తింటుంది. ఆహార సరుకుల మినహాయింపు ఈ తేడాని కొంత తగ్గిస్తుంది తప్ప తీసెయ్యదు. మీ చేతిలో ఓటు ఉంది కనుక, ఓటు లేనివాళ్ల లెక్క కూడా మీరే చూడాలని నా కోరిక.

"ఇప్పటికే ఇంత రేటుంటే మళ్లీ ఎందుకు" అని మీ స్నేహితులు అన్నారట. ఆ రేటు ఎలా పేరుకుందో తెలిస్తే సగం గందరగోళం తీరుతుంది. రాష్ట్రమంతటా మూల రేటు 7.25 శాతం. అందులో నగరానికి నేరుగా వచ్చేది ఒక్క శాతం, అదీ అమ్మకం ఎక్కడ జరిగిందో ఆ ఊరికే వస్తుంది. కార్ల షోరూములు, పెద్ద గోదాము దుకాణాల కోసం ఊళ్లు పోటీ పడేది అందుకే. 7.25 పైన ఉన్నది దాదాపు అంతా స్థానిక ఓటర్లు ఒక్కొక్కటిగా ఒప్పుకున్నదే, 0.125 శాతం గుణిజాల్లో పెరుగుతూ వచ్చింది. రవాణాకి ఒకటి, పిల్లల సంరక్షణకి ఒకటి, కౌంటీ (మన జిల్లా లాంటిది) సేవలకి ఒకటి. ఒక కౌంటీలో ఇలాంటివి మొత్తం 2 శాతం దాటకూడదని చట్టంలో ఉంది కానీ, శాసనసభ చాలాచోట్ల మినహాయింపులు ఇచ్చేసింది. అలమేడా కౌంటీలో 2020 నాటి ఓట్ల తర్వాత, 2021 జూలై నుంచి కౌంటీ అంతటా రేటు 10.25 అయింది. ఫ్రీమాంట్‌లో ఉన్న మనవాళ్లందరికీ తెలిసిన అంకె ఇది. సొంతంగా అర సెంటు వేసుకున్న హేవర్డ్, న్యూవార్క్ లాంటి ఊళ్లలో అంతకంటే ఎక్కువ. కాబట్టి మొత్తం రేటు చూసి మీ సిటీ మీద కోపం తెచ్చుకోకండి. అందులో సిటీ వాటా ఎంతో, కౌంటీది ఎంతో విడివిడిగా చూడండి.

సిటీలు ఇలా ఓటర్ల దగ్గరికి ఎందుకు వస్తున్నాయంటే, వాటికి మిగిలిన దారి దాదాపు ఇదొక్కటే. 1978లో రాష్ట్ర ఓటర్లు ఒప్పుకున్న ప్రొపొజిషన్ 13 వచ్చాక ఇంటి పన్ను విలువలో 1 శాతానికి కట్టుబడింది, ఇల్లు చేతులు మారేదాకా ఆ విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు. ఆ ఒక్క శాతాన్నీ స్కూళ్లు, కౌంటీ, ఇతర స్థానిక సేవా సంస్థలు పంచుకుంటాయి, సిటీకి దక్కేది అందులో ఒక ముక్క. ఇంకోవైపు జనం ఖర్చు వస్తువుల నుంచి సేవలకు మళ్లింది, సేవల మీద సేల్స్ టాక్స్ లేదు. పోలీసుల, ఫైర్ సిబ్బంది జీతాలు, పింఛను వాటాలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. ఇక్కడ నాకు తెలిసిన నిజం చెప్పాలి. చాలా ఊళ్లలో ఇలాంటి కొత్త పన్నులో గణనీయమైన భాగం పింఛను ఖాతా లోటు పూడ్చడానికే పోతుంది. అది దొంగతనం కాదు, ఆ ఉద్యోగులకు రాసిచ్చిన మాట అది. కానీ కరపత్రం మీద కొత్త ఫైర్ ఇంజన్ బొమ్మ వేసి ఆ సంగతి దాచడాన్ని మాత్రం నేను ఎన్నడూ సమర్థించలేదు.

ఇక మీ రెండో ప్రశ్న. డబ్బు వాటికే వెళ్తుందా? అది మీ మెజర్ 'జనరల్ టాక్స్' అవునా, 'స్పెషల్ టాక్స్' అవునా అన్నదాన్ని బట్టి ఉంటుంది. గుడిలో హుండీలో వేసిన డబ్బుకీ, అన్నదానం కౌంటర్లో రసీదు రాయించుకుని కట్టిన డబ్బుకీ తేడా మీకు తెలుసు. హుండీలో పడింది దేవస్థానం బోర్డు ఎలా నిర్ణయిస్తే అలా ఖర్చవుతుంది. అన్నదానానికి రాయించింది అన్నానికే పోవాలి. జనరల్ టాక్స్ హుండీ లాంటిది, సిటీ సాధారణ నిధిలో కలిసిపోతుంది. స్పెషల్ టాక్స్ రసీదు లాంటిది, పేరు రాసిన పనికే వాడాలి.

గెలవడానికి కావాల్సిన ఓట్లు కూడా వేరు. ప్రొపొజిషన్ 13, తర్వాత 1996లో వచ్చిన ప్రొపొజిషన్ 218 కలిసి పెట్టిన లెక్క ఇది: జనరల్ టాక్స్‌కి సగానికి పైన ఒక్క ఓటు చాలు, స్పెషల్ టాక్స్‌ని కౌన్సిల్ పెడితే మూడింట రెండు వంతులు రావాలి. రెండు వంతులు తెచ్చుకోవడం ఎంత కష్టమో అలమేడా కౌంటీకి బాగా తెలుసు. 2012లో రవాణా కోసం మెజర్ బి1 పెట్టారు. 66.53 శాతం వచ్చింది. కావాల్సింది 66.67. అన్ని లక్షల ఓట్లలో వెయ్యి కూడా లేని తేడాతో ఓడిపోయింది. రెండేళ్ల తర్వాత మెజర్ బిబి పేరుతో మళ్లీ వచ్చి 70 శాతం దాటి గెలిచింది. ఇలాంటివి చూశాక చిన్న ఊళ్లు ఏం చేస్తాయి? కౌన్సిల్ జనరల్ టాక్స్‌గా పెట్టి, సగం ఓట్లతో గట్టెక్కే దారి చూసుకుంటుంది.

అందుకే బ్యాలెట్ మీది ప్రశ్నని జాగ్రత్తగా చదవాలి. దానికి 75 మాటల పరిమితి ఉంది. రేటు, ఏడాదికి వచ్చే మొత్తం, ఎన్నాళ్లుంటుంది అనేవి తప్పకుండా రాయాలి. మిగిలిన మాటల్లో 911 అత్యవసర స్పందన, రోడ్ల గుంతలు, పార్కులు, నిరాశ్రయుల సమస్య అన్నీ కుక్కుతారు. ఆ జాబితా కొసన 'సాధారణ ప్రభుత్వ అవసరాలకు' అనే అర్థం వచ్చే మాట కనిపిస్తే, పైన రాసినవన్నీ ఉద్దేశాలు మాత్రమే, కట్టుబాట్లు కావు. రేపు వచ్చే కౌన్సిల్ ఆ డబ్బుతో ఇంకేం చేసినా చట్టం అడ్డుపడదు.

కాలిఫోర్నియాలోనే స్టాక్టన్ నగరం సంగతి చూడండి. 2012లో దివాలా తీసింది. 2013 నవంబర్లో మెజర్ ఎ పేరుతో ముప్పావు సెంటు జనరల్ టాక్స్ పెట్టింది, దాని పక్కనే మెజర్ బి పేరుతో ఓటర్ల సలహా అడిగింది: ఇందులో 65 శాతం పోలీసు, నేర నివారణకు, 35 శాతం దివాలా నుంచి బయటపడడానికి వాడాలా అని. రెండూ గెలిచాయి. చట్టం ప్రకారం మెజర్ బి సలహా మాత్రమే, డబ్బంతా హుండీలోదే. అయినా ఊళ్లో నేరాలతో విసిగిన జనం అది చూసి ఎ కి ఓటు వేశారు. ఈ జంట పద్ధతి మీ ఊళ్లోనూ ఉంటే, కట్టి ఉంచేది ఏదో, సలహా ఏదో విడదీసి చదవండి.

ఇంకో దారి కూడా ఉంది. పౌరులే సంతకాలు సేకరించి స్పెషల్ టాక్స్ పెడితే సగం ఓట్లు చాలని అప్‌లాండ్ నగరం కేసులో 2017లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత కోర్టులు చెబుతూ వచ్చాయి. ఫ్రెస్నోలో 2018లో పార్కుల కోసం అలాంటి మెజర్ పి కి 52 శాతం పైన వచ్చింది. రెండు వంతులు రాలేదని సిటీ దాన్ని ఓడినట్టు లెక్క కట్టింది, 2020లో అప్పీలు కోర్టు గెలిచినట్టే అంది. మీ మెజర్ని కౌన్సిల్ పెట్టిందా, పౌరులు పెట్టారా అన్నది కూడా చూసుకోండి.

ఇప్పుడు నా అనుభవంలో జరిగింది ఒకటి చెబుతాను. ఊరి పేరు అవసరం లేదు. మా మెజర్ గెలిచింది, కరపత్రం నిండా రోడ్లే. మొదటి ఏడాది కొత్త పన్నులోంచి రోడ్లకు పెద్ద మొత్తమే పెట్టాం. మెజర్ డబ్బు ఖర్చుని చూసే పర్యవేక్షణ కమిటీ సమావేశానికి సభ్యులు మాత్రమే వచ్చారు, జనంలోంచి ఎవ్వరూ రాలేదు. మెజర్ డబ్బు ఖర్చు పట్టిక చూపించాం. ప్రతి డాలరూ రోడ్లకే వెళ్లింది, ఆడిటర్ సంతకం ఉంది, అందరూ సంతోషించారు. రెండో ఏడాదీ అదే పట్టిక. అప్పుడు కమిటీలో ఉన్న ఒక రిటైర్డ్ టీచర్ సంచీలోంచి రెండు బడ్జెట్ పుస్తకాలు తీసి బల్ల మీద పక్కపక్కన తెరిచారు. మెజర్ గెలవక ముందు ఏడాదిది ఒకటి, ఆ ఏడాదిది ఒకటి. రెండింటిలోనూ రోడ్ల నిర్వహణ పేజీ మీద పసుపు గీత. "కొత్త పన్నులోంచి రోడ్లకు వచ్చింది నిజమే. మరి ఇంతకు ముందు సాధారణ నిధిలోంచి రోడ్లకు ఇచ్చేది ఎక్కడికి పోయింది?" అని అడిగారు.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ పట్టిక తయారు చేసింది నేను. పాత డబ్బులో చాలా భాగం వెనక్కి తీసి పింఛను వాటాలకు, ఇన్సూరెన్సుకు మళ్లించారు. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టయింది. రోడ్లకు మొత్తం మీద పెరిగింది జనం అనుకున్న దానిలో చిన్న ముక్క. అందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు, నా పట్టికలో ఒక్క అంకె తప్పు లేదు. కానీ ఆ పట్టికలో మెజర్ డబ్బు ఒక్కటే చూపించాను, మొత్తం చూపించలేదు. నేను ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను. తర్వాతి ఏడాది కౌన్సిల్ ఒక తీర్మానం చేసింది, సాధారణ నిధిలోంచి రోడ్లకు ఇచ్చేది ఇంతకంటే తగ్గకూడదని ఒక కనీస మొత్తం రాసుకుంది. కమిటీకి ఆపే అధికారం లేదు, అడిగే అధికారమే ఉంది. ఆమె అడగడం వల్లే అది వచ్చింది.

కాబట్టి మీ మెజర్ పూర్తి పాఠంలో నేనైతే మొదట వెతికేది ఈ వాక్యం: కొత్త డబ్బు పాత కేటాయింపుకు అదనంగా ఉండాలి, దాని బదులుగా ఉండకూడదు అనే షరతు. ఉంటే మంచి సంకేతం. లేకపోతే, గత రెండేళ్ల బడ్జెట్లో పోలీసు, ఫైర్, రోడ్ల పేజీలు ఫోటో తీసి దాచుకోండి. ఆ టీచర్ చేసింది అంతే.

గడువు సంగతి కూడా తేలిగ్గా తీసుకోకండి. 'పదేళ్లు' అని ఉంటే పదేళ్ల తర్వాత మళ్లీ మీ దగ్గరికి రావాలి, అది మీ చేతిలో పగ్గం. 'ఓటర్లు రద్దు చేసేదాకా' అని ఉంటే ఎవరో సంతకాలు సేకరించి రద్దు పెట్టేదాకా అది శాశ్వతం. అయితే గడువు ఉన్నవి కూడా తరచూ కొనసాగుతాయి. వల్లేహో 2008లో దివాలా తీసింది, 2011లో ఓటర్లు అతి స్వల్ప తేడాతో పదేళ్లకు ఒక సెంటు ఒప్పుకున్నారు, 2016లో వాళ్లే ఆ గడువు తీసేశారు. అక్కడ మధ్యలో జరిగిన పని నాకు నచ్చింది. 2012లో ఆ పన్నులో కొంత భాగాన్ని ఎలా ఖర్చు పెట్టాలో నివాసులే తేల్చేలా కౌన్సిల్ ఏర్పాటు చేసింది, నగరమంతటికీ అలా చేసిన మొదటి ఊరు ఈ దేశంలో అదే. మొదటి విడతలో దాదాపు 32 లక్షల డాలర్ల పనుల మీద 16 ఏళ్లు నిండిన నివాసులు ఓటు వేశారు.

గడువు పెట్టుకుని మాట నిలబెట్టుకున్న ఊరు ఏదైనా ఉందా అంటే నేను కాలిఫోర్నియా బయట ఓక్లహోమా సిటీ పేరు చెబుతాను. 1991లో ఒక పెద్ద విమాన మరమ్మతు కేంద్రం తమకు రాకుండా ఇండియానాపొలిస్‌కి పోయింది. ఊరు బతకదగ్గదిగా లేదన్న బాధతో 1993 డిసెంబర్లో ఒక సెంటు పన్ను పెట్టారు, 54 శాతంతో గెలిచింది. నియమం సూటిగా ఉంది: అప్పు చేయరు, పన్ను వచ్చిన మేరకే కడతారు, గడువు కాగానే ఆపేస్తారు. బేస్‌బాల్ మైదానం, కాలువ, లైబ్రరీ వచ్చాయి. డబ్బు చాలకపోతే 1998లో మళ్లీ ఓటర్లనే అడిగి ఆరు నెలలు పొడిగించుకున్నారు. 2009లో మూడో విడతకు వచ్చేసరికి బ్యాలెట్లో పనుల జాబితా కూడా లేదు, కౌన్సిల్ ఉద్దేశ తీర్మానంలోనే ఉంది. అయినా ఓటర్లు నమ్మారు. 2019లో నాలుగో విడతకు 70 శాతం పైన వేశారు. ముందు కట్టినవి కళ్లెదుట ఉన్నాయి కాబట్టి వచ్చిన నమ్మకం అది. మీ సిటీ గతంలో ఏదైనా మెజర్ గెలిచి ఉంటే, ఆ డబ్బుతో ఏం చేసిందో చూడడం కంటే మంచి పరీక్ష లేదు.

     

నేను మీ చోట ఉంటే ఎలా వేస్తానో కూడా దాచకుండా చెబుతాను. జనరల్ టాక్స్ అయినంత మాత్రాన వద్దనను. ఊరికి డబ్బు నిజంగా కావాలని బడ్జెట్లో కనిపించి, గడువు ఉండి, పాత కేటాయింపు తగ్గించబోమని రాతపూర్వకంగా ఒప్పుకుంటే అవునని వేస్తాను. గడువు లేకుండా, షరతు లేకుండా, జాబితా మాత్రం చాంతాడంత ఉంటే కాదని వేస్తాను, మళ్లీ మంచి పాఠంతో రమ్మంటాను. అలమేడాలో రెండేళ్లలో తిరిగి వచ్చింది కదా. దీనికంతా మీకు పట్టేది ఒక సాయంత్రం. ఇంటికి వచ్చిన ఓటరు గైడ్‌లో సిటీ అటార్నీ రాసిన నిష్పక్షపాత విశ్లేషణ ఉంటుంది, 500 మాటలకు మించదు. జనరలా స్పెషలా అన్నది అందులో తేటగా రాసి ఉంటుంది. అనుకూల, వ్యతిరేక వాదనల కంటే ముందు అది చదవండి. నవంబర్లో గెలిస్తే కొత్త రేటు మీ బిల్లు మీద కనిపించేది ఏప్రిల్ 1 నుంచి.

మీవారి సంగతి. ఆయన ఈ ఎన్నికలో ఓటు వెయ్యకూడదు, పొరపాటున కూడా ఓటరుగా నమోదు కాకూడదు, పౌరసత్వం దరఖాస్తుకే ముప్పు. కానీ కౌన్సిల్ సమావేశంలో బడ్జెట్ రోజున మైకు ముందు నిలబడి మాట్లాడడానికి పౌరసత్వం అక్కర్లేదు. ఇంకోటి చాలామందికి తెలియదు: 18 ఏళ్లు నిండిన రాష్ట్ర నివాసి ఎవరైనా, పౌరసత్వంతో పని లేకుండా, నియమిత పదవుల్లో కూర్చోవచ్చని కాలిఫోర్నియా 2019లో చట్టం చేసింది. మెజర్ గెలిస్తే సిటీ పర్యవేక్షణ కమిటీకి దరఖాస్తులు పిలుస్తుంది. సొంత చార్టర్ (పాలన నియమావళి) ఉన్న నగరాల్లో నియమం వేరేగా ఉండొచ్చు కాబట్టి ముందు సిటీ క్లర్క్‌కి ఫోన్ చేసి కనుక్కోమనండి. మీవారు అకౌంట్స్ పని చేస్తారని రాశారు. మా కమిటీలో ఐదు కుర్చీలుంటే వాటిలో రెండు చాలాకాలం ఖాళీగా ఉండేవి, ఆ టీచర్ వచ్చి కూర్చున్నది అలా ఖాళీగా ఉన్న కుర్చీలోనే.